రాసినవారు, పాసైనవారు

నలభై మంది పరీక్ష రాస్తే ముప్పై రెండు మంది పాసయ్యారు. శాతమెంత?

మహబూబ్‌నగర్‌లో మా పేపరు డెస్కుకు కొత్తగా ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. సగం మంది వెంటనే జేబులోంచి ఫోను తీసేవాళ్లు. తెలుగు ఎంఏ చేసిన ఒకాయన, పద్యాలు గుక్క తిప్పుకోకుండా చదివే మనిషి, చాలాసేపు పైకప్పు వంక చూసి, "లెక్కలు రాకనే గద సార్ పేపర్లకొచ్చింది" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. మా పనిలోకి వచ్చినవాళ్లలో చాలామంది పదో తరగతి లెక్కల పరీక్ష రాసిన రోజే అంకెలకు ఒక దండం పెట్టి వచ్చినవాళ్లు. తర్వాత బతుకంతా ఆ అంకెలే రాయాల్సి వస్తుందని వాళ్లకెవరూ చెప్పలేదు.

నేను వేరే దారిన వచ్చాను. మాది పానగల్లు దగ్గర ఊరు. నల్లగొండలో బీఎస్సీ లెక్కలు చదివి, బీఈడీ చేసి, టీచరు నోటిఫికేషన్ కోసం కూర్చున్నాను. రాష్ట్రం వచ్చింది, ఇక మనదే అనుకున్నాం. నోటిఫికేషన్ ఇవాళ రేపు అంటూ ఏళ్లు లాగింది. బాపు ఏమీ అనేవాడు కాదు, కానీ పొద్దున్నే పొలం పోతూ గడపలో ఒక్క క్షణం ఆగి నన్ను చూసి పోయేవాడు. ఆ చూపు తట్టుకోలేక చిట్యాలలో విలేకరిగా చేరాను. ఉద్యోగం వచ్చేదాకా అనుకున్నాను. ఇప్పటికీ ఇందులోనే ఉన్నాను.

చిట్యాల మీదుగా విజయవాడ రోడ్డు పోతుంది. అంటే యాక్సిడెంట్లు. నేను ఫోన్ చేయగానే డెస్కు నుంచి వచ్చే మొదటి మాట "ఎక్కడ" కాదు, "ఎట్ల" కాదు.

"ఎంతమంది పోయిండ్రు?"

"ఇద్దరు సార్."

"ఇద్దరేనా? లోపలి పేజీల పెడదాం. దవాఖానల ఇంకెవరన్న సీరియస్ ఉంటే మళ్ల చెయ్యి."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఆరు నెలలకు నేనే ఫోన్ చేసి "ఇద్దరే సార్" అనడం మొదలుపెట్టాను. ఆ 'ఏ' ఎప్పుడు వచ్చి నా నోట్లో చేరిందో నాకు తెలియదు.

ఒకసారి అక్కడే పెద్ద బహిరంగ సభ జరిగింది. లక్ష మంది వచ్చారని సభ పెట్టినవాళ్లు, అందులో పావు వంతు కూడా లేరని పోలీసులు. నాలోని లెక్కల విద్యార్థి ఊరుకోలేదు. సభకు ముందురోజు పోయి మైదానం పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచాను. ఒక గజం జాగాలో ఎంతమంది నిలబడతారో లెక్కేసి, గుణించి, కాగితం మీద అంకె తేల్చి పంపాను. ఆ అంకె పోలీసులు చెప్పినదానికంటే కూడా తక్కువ. నల్లగొండ డెస్కు ఇన్‌చార్జి ఫోన్ చేశాడు.

"నీ అడుగులు ఎవడడిగిండు బై? జనసంద్రం అని రాయి. సంద్రాన్ని ఎవడన్న కొలుస్తడా?"

అప్పట్నుంచి నేను కూడా జనసంద్రమే రాశాను. వేలాదిగా, భారీగా, పెద్ద ఎత్తున. తెలుగులో అంకె చెప్పకుండా అంకె ఉన్నట్టు కనిపించే మాటలు ఎన్ని ఉన్నాయో పేపర్లో పనిచేస్తే తెలుస్తుంది.

మహబూబ్‌నగర్ డెస్కుకు మారాక నాకొక బిరుదు వచ్చింది: లెక్కల సారు. టీచరు ఉద్యోగం ఇవ్వని పేరును డెస్కు ఇచ్చింది. ఒకాయన ప్రాజెక్టులో ఇన్ని క్యూసెక్కుల నీరు నిల్వ ఉందని రాసుకొచ్చేవాడు. క్యూసెక్కులంటే పారే నీళ్లు, టీఎంసీలంటే నిలిచిన నీళ్లు అని నేను చెప్పేవాణ్ని. "నీళ్లు నీళ్లే గద సారూ" అనేవాడు. మళ్లీ వానాకాలానికి మళ్లీ అదే తప్పు, మళ్లీ నేనే. మొదట్లో కోపంగా చెప్పేవాణ్ని. తర్వాత చెప్పకుండా దిద్దడం నేర్చుకున్నాను. అలసట అంటే నాకు తెలిసినంతవరకు అదే.

కానీ పదో తరగతి ఫలితాల రోజు మాత్రం నాకు పండుగ. పొద్దున ఫలితాలు వచ్చేవి, మధ్యాహ్నానికి బడుల వారీగా జాబితాలు చేరేవి. రాసినవారు, పాసైనవారు. ఆ రెండు నిలువు వరుసల పక్కన శాతం తీసి మూడో వరుస నింపడం నా పని. మిగతావాళ్లు కాలిక్యులేటర్ల మీద తంటాలు పడుతుంటే నేను నోటితోనే సగం తేల్చేవాణ్ని. తర్వాత మా డెస్కు ఆనవాయితీ ప్రకారం రెండు బాక్సులు కట్టేవాళ్లం. పైన 'శభాష్' అని మొదటి పది బడులు, కింద 'అట్టడుగున' అని చివరి పది. ఆ కింది బాక్సునే జనం ముందు చదివేవాళ్లు. మాకు తెలుసు కాబట్టే దానికి ఎర్ర గీత వేసేవాళ్లం.

జిల్లాలు ముక్కలయ్యాక అచ్చంపేట వేరే జిల్లాలోకి పోయింది గానీ, ఆ పేజీలు మా డెస్కులోనే తయారయ్యేవి. ఆ ఏడాది అట్టడుగు బాక్సులో అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు బడి పడింది. నిరుటి జాబితా తీసి చూశాను. నిరుడు దానికి నూటికి నూరు. ఈ ఏడు యాభై. వందనుంచి యాభైకి! ఆ సాయంత్రం నాకు అంతకంటే మంచి వార్త లేదు. బాక్సులోంచి దాన్ని పైకి తీసి, మూడు కాలమ్‌ల శీర్షిక పెట్టాను. 'అడవి బడి... సగానికి కూలిన చదువు.' కింద నాలుగు వాక్యాలు, పర్యవేక్షణ కొరవడిందని, ఉపాధ్యాయులు పట్టించుకోవడం లేదని. ఆ సంగతులు నాకెవరూ చెప్పలేదు. శాతం పడిపోతే అవన్నీ వాటంతటవే ఉంటాయని మాకొక నమ్మకం. మహబూబ్‌నగర్‌లో మా ఇన్‌చార్జి భుజం తట్టాడు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆ బడి టీచరు మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, నేత చీర, చేతిసంచి. లెక్కల టీచరు ఆమే, ప్రధానోపాధ్యాయురాలి బాధ్యతలు కూడా ఆమెవే. సంచిలోంచి మా పేపరు ముక్క తీసి నా బల్ల మీద పరిచింది. మడతల దగ్గర అప్పటికే నలిగి ఉంది. అది చూసి పై అధికారి సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాడట. ఆ మెమో కూడా దాని పక్కన పరిచింది.

"నిరుడు మా బడిల పది రాసినోళ్లు ఇద్దరు సార్. ఇద్దరు పాసైండ్రు. ఈ ఏడు ఆరుగురు రాసిండ్రు. ముగ్గురు పాసైండ్రు" అంది. "మీరే చెప్పుండ్రి. ముగ్గురు ఎక్కువనా, ఇద్దరు ఎక్కువనా?"

"శాతం తగ్గింది గదా మేడం" అన్నాను.

"ఆ నలుగురు ఎక్కువ ఎట్లొచ్చిండ్రో తెలుసా? మధ్యల బడి ఇడిసిపెట్టినోళ్లు. గూడాలకు నడిచిపోయి, తల్లిదండ్రుల కాళ్లు పట్టుకున్నంత పని చేసి తోలుకొచ్చిన. ఫెయిలైనోళ్లు మళ్ల రాస్తరు. నేను గూడ ఫెయిలై రాసిన్నే." పేపరు ముక్కను అరచేత్తో సాపు చేసింది. "మా అమ్మ కూలికి నాట్లేసేది. మా వాడల పది రాసిన మొదటి ఆడపిల్లను నేనే. లెక్కలల్ల తప్పిన. ఆదివారం చర్చిల అందరి ముంగట మా అమ్మ ఏడ్చింది. రెండోసారి రాసి గట్టెక్కిన. గా లెక్కలే చెప్తున్న ఇప్పుడు."

ఆమెను ఇన్‌చార్జి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మర్యాదగానే విన్నాడు. టీ తెప్పించాడు. "అంకె తప్పయితే రేపే సవరణ ఏస్తమమ్మా. అంకె తప్పు కాదు గదా?" అన్నాడు.

"అంకె తప్పు గాదు" అంది ఆమె.

ఇన్‌చార్జి నా వైపు తిరిగాడు, నువ్వేమంటావు లెక్కల సారూ అన్నట్టు. ఆరుగురిలో ముగ్గురు అంటే యాభై శాతమే. కానీ ఇద్దరిని, ఆరుగురిని పక్కపక్కన పెట్టి శాతం తీయడం తప్పని, ఒక్క పిల్ల జ్వరంతో పడుకున్నా కుప్పకూలే అంకె అదని నాకు తెలుసు. డిగ్రీ మొదటి ఏడాదిలోనే చదువుకున్నాను. నోరు తెరిచి ఆ మాట అంటే శీర్షిక పెట్టినవాణ్ని నేనే అని ఆమె ముందు బయటపడాలి.

"అంకె కరెక్టే సార్" అన్నాను.

ఆమె మెమో మడిచి సంచిలో పెట్టుకుంది. పేపరు ముక్క నా బల్ల మీదే వదిలేసింది. బస్సుకు పోయేటప్పుడు నమస్తే కూడా చెప్పింది. ఆ ఫెయిలైన ముగ్గురిలో ఇద్దరు తర్వాత సప్లిమెంటరీలో పాసయ్యారని అచ్చంపేట విలేకరి చెప్పాడు. సప్లిమెంటరీ ఫలితాలకు మా పేజీలో బాక్సు ఉండదు. ఎప్పుడూ లేదు.

మళ్లీ ఏడాది ఫలితాలు వచ్చాయి. జాబితా రాగానే నా కళ్లు ఆ బడిని వెతుక్కున్నాయి. రాసినవారు నలుగురు, పాసైనవారు నలుగురు. వంద శాతం. నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నెత్తి మీది బరువెవరో దించినట్టయింది. ఇన్‌చార్జి దగ్గరికి పోయి, ఈ బడి మీద ప్రత్యేక కథనం నేనే రాస్తానని, స్వయంగా పోయి వస్తానని అడిగాను. డెస్కులో పనిచేసేవాడు కుర్చీలోంచి లేస్తానంటే ఎవరికైనా వింతే. "ఎండల ఏంది నీకీ తిప్పలు?" అంటూనే ఒప్పుకున్నాడు.

అచ్చంపేట దాకా బస్సు, అక్కడినుంచి షేరింగ్ ఆటో, ఆటో దిగాక నడక. ఎండాకాలం సెలవులైనా టీచరు బడిలోనే ఉంది, పాసైనవాళ్లకు టీసీలు రాస్తూ. నేను ముందే ఫోన్ చేశాను కాబట్టి ఆ నలుగురినీ పిలిపించి ఉంచింది. నన్ను చూసి నొచ్చుకోలేదు, సంతోషించనూ లేదు. కుర్చీ తుడిచి వేసింది. నేను నలుగురి పేర్లు, తండ్రుల పేర్లు, ఎవరికెంత జీపీఏ వచ్చిందో, ఏమవుదామనుకుంటున్నారో అన్నీ రాసుకున్నాను. బడి బోర్డు కింద వరుసగా నిలబెట్టి ఫోటో తీశాను. బోరింగు దగ్గరినుంచి ఒక పిల్ల స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, గుంజకు ఆనుకుని నిలబడి ఫోటో దిగేవాళ్లను చూస్తోంది. వాళ్ల ఈడే ఉంటుంది.

"నువ్వు గూడ పది రాసినవా?" అని అడిగాను.

ఆ పిల్ల టీచరు వైపు చూసింది. టీచరు టీసీ మీద సంతకం ఆపి, "రాయలే సార్" అంది. మిగతా పిల్లలను ఇళ్లకు పొమ్మంది. వాళ్లు గేటు దాటాక చెప్పింది. "హాజరు సాల్లేదని పేరు పంపలే. పత్తి ఏరనీకి పోయి శానా దినాలు రాలే. అసుంటోళ్లకు ఇన్నేండ్లు హాజరు నేనే ఎట్లనో సదిరి పంపుతుంటి. పరీక్షకన్న కూసుంటరు గదా అని. ఈసారి సదరలే."

"ఎందుకు మేడం?"

"లెక్కలంటే భయం దీనికి. నోటితోటి చెప్తది, కాయితం ముంగట పెడితే చెయ్యి వణుకుతది. ఐదుగురు రాసి నలుగురైతే ఎనబై. నలుగురు రాసి నలుగురైతే వంద. ఇంకో మెమో వస్తే నా పెన్షన్ కాయితాలు ఆగుతయి సార్. రెండేండ్లు గూడ లేదు నా సర్వీసు." కోపంగా చెప్పలేదు. బోర్డు మీద లెక్క చెప్పినట్టే చెప్పింది. "మీ పేపరే నేర్పింది గదా."

నాకు సిగ్గేసింది. గూడాలకు నడిచిపోయి పిల్లలను తెచ్చిన మనిషి చేత, తానే ఒకసారి తప్పి మళ్లీ రాసి గట్టెక్కిన మనిషి చేత, ఒక పిల్లను పరీక్ష బయట నిలబెట్టించాను. నేను చేసిందల్లా ఒక శాతం తీయడమే.

"ఈ సంగతే రాస్తా మేడం. జరిగింది జరిగినట్టు రాస్తా" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "దండం పెడ్త, వద్దు సార్. రాస్తే హాజరు రిజిస్టర్లు తీస్తరు. ముందు నేను సదిరి పంపిన పిల్లలయి గూడ తవ్వుతరు. పాసైనోళ్లకు గూడ గండం. మీరు వంద శాతం అని రాసి ఇడిసిపెట్టుండ్రి. దీన్ని వచ్చే ఏడు నేను తప్పక కూసోబెడ్త."

పోవడానికి లేచి, చెంబు తిరిగి ఇస్తూ, అలవాటుగా ఆ పిల్లను నా ప్రశ్న అడిగాను. నలభై మంది రాస్తే ముప్పై రెండు మంది పాసయ్యారు, శాతమెంత?

ఆలోచించలేదు. "ఎనబై సార్" అంది.

"ఎట్ల?"

"నలభైల పదో వంతు నాలుగు. నాలుగెన్మిదులు ముప్పై రెండు. పది వంతులల్ల ఎన్మిది వంతులు పాసైండ్రు. నూటికి ఎనబై." చెప్పేసి చెంబు తీసుకుని నవ్వింది. టీచరు టీసీల కట్ట సర్దుకుంటూ మా వైపు చూడలేదు.

నేను వంద శాతం అనే రాశాను. నలుగురి ఫోటో బాగా వచ్చింది. 'శభాష్' బాక్సు పక్కనే పెట్టారు. ఆ కథనానికి చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఆ తర్వాత డెస్కుకు కొత్తగా వచ్చినవాళ్లను ఆ ప్రశ్న అడగడం మానేశాను. ఏమైంది లెక్కల సారూ అని అడిగితే, ఫోన్లున్నయి గదా అనేవాణ్ని.

ఆ మరుసటి ఏడాదే కరోనా. పరీక్షలు మొదలై ఆగిపోయాయి. చివరికి పరీక్ష లేకుండానే, బడి నుంచి పరీక్షకు పేరు పంపిన పిల్లలందరినీ పాస్ చేశారు. ఆ ఏడాది మా డెస్కుకు జాబితాలు రాలేదు. శాతాలు తీసే పని లేదు, బాక్సులు లేవు. అందరూ పాసే. నా మనసంతా ఒక్క దాని మీదే ఉంది. ఆ పిల్ల పేరు పంపి ఉంటే చాలు. కాగితం ముందు చెయ్యి వణకాల్సిన పని లేకుండానే గట్టెక్కి ఉంటుంది. పంపకపోయి ఉంటే, రెండో ఏడు కూడా పోయినట్టే.

టీచరు నంబరుకు రెండు రోజులు ప్రయత్నించాను. కలవలేదు. ఆమె బదిలీ అయి ఎటో పోయిందని అచ్చంపేట విలేకరి చెప్పి, ఆ బడికి కొత్తగా వచ్చిన సారు నంబరు ఇచ్చాడు. ఆయనకు ఫోన్ చేశాను. మంచి మనిషి. విసుక్కోకుండా విన్నాడు. నిరుడు రాయలేకపోయిన పిల్ల అని, పత్తికి పోయేదని, నోటి లెక్క బాగా చేస్తుందని చెప్పాను.

"గట్లనే శానా మంది పోతరు సార్ పత్తికి" అన్నాడు. "పంపిన పేర్లన్ని నా ముంగటనే ఉన్నయి. పిల్ల పేరు చెప్పుండ్రి, ఇప్పుడే చూసి చెప్త."

ఆ రోజు రాసుకున్న నోటుపుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే తీసి చూశాను. నలుగురి పేర్లు, తండ్రుల పేర్లు, జీపీఏలు. నీళ్లు తెచ్చిన పిల్ల పేరు నేను అడగలేదు.